శ్రీరాంపూరులో భూగోళపాఠము

2018వ సంవత్సరపు వేసవిలో మేము శ్రీరాంపూరు పోవుచున్నామని చెప్పినప్పుడు మా రాజమహేంద్రవరపు బంధువులలో ముగ్గురు మూడు విధములుగా మాటాడిరి. మా పెదతండ్రిగారు, "వంగదేశమా? అయినచో కలకత్తాలో దిగి పోవలెను గదా!" అనిరి. మా మేనకోడలు చేతిఫోనులో వెదకి మహారాష్ట్రములోని యొక యూరిని చూపి, "ఇదేనా అత్తా?" అని యడిగినది. మూడవ యామె మాత్రము, "బొగ్గుగనుల శ్రీరాంపూరా? అక్కడ చూడదగిన దేమున్నది?" అని పెదవి విఱిచినది. ఊరిని సరిగా గుర్తించిన దామె యొక్కతయే. దానిని చూడనక్కఱలేదన్నదియు నామెయే!

మొదటి యిద్దఱిది పెద్ద తప్పేమియు గాదు. హుగ్లీ నది యొడ్డున నున్న వంగదేశపు శ్రీరాంపూరు తెలుగువారు మఱవరాని యూరు. విలియం కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో అక్కడనే అచ్చుపడినది. మహారాష్ట్రములోని శ్రీరాంపూరు గోదావరికి ఉపనది యగు ప్రవర ప్రాంతమున నున్నది. మేము పోవలసినది ఈ రెండును గాదు. తెలంగాణములో, 2016లో క్రొత్తగా నేర్పడిన మంచిర్యాల జిల్లాలో, నస్పూరు ప్రక్కన, గోదావరికి ఉత్తరపు దరిని, సింగరేణి గనుల నడుమ నున్న శ్రీరాంపూరు. నదికి ఆవలి దరిని గోదావరిఖని, రామగుండము. మా పినతల్లి కూతురు అక్కడ గనివారి క్వార్టరులో కాపురమున్నది. పదియేండ్లనుండి రమ్మని పిలుచుచుండగా ఆ యేటికి పోగలిగితిమి.

సోదరీమణులకు ఒక మాట దాచక చెప్పవలెను. మేము గోదావరి గట్టున పుట్టి, గోదావరి నీరు త్రాగి పెరిగినవారము. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనదనియు, దానిని కాటనుదొర కట్టించెననియు చిన్ననాడే వల్లించితిమి. పాపికొండలకు పడవమీద పోయి వచ్చితిమి, భద్రాచలము దర్శించితిమి. అంతకు ఎగువ ఆ నది యెవరి యిండ్ల ముందుగా ప్రవహించి మా యింటికి వచ్చుచున్నదో ఏనాడును తలచినది లేదు. నాసిక దగ్గఱి త్ర్యంబకమున పుట్టునని పుస్తకములో నుండెను గనుక తెలిసినది. పుట్టిన చోటికిని భద్రాచలమునకును నడుమ మా గోదావరి మాకు లేనే లేదు.

మాతో వచ్చిన మా చిన్నమ్మాయి అప్పుడే ఎనిమిదవ తరగతి ముగించినది. దేశముల రాజధానులు చెప్పు పోటీలో బహుమానముగా నొక పెద్ద పటముల పుస్తకము గెలుచుకొని, దానిని విడిచి యుండలేక సంచిలో పెట్టుకొని వచ్చినది. రైలులో తోడి ప్రయాణికులు పిల్లను పరీక్షింప సాగిరి. మంగోలియా యన్నచో ఉలాన్ బాతర్ అనును. పెరూ యన్నచో లీమా యనును. ఒక ముసలాయన మెల్లగా, "అమ్మాయీ, మంచిర్యాల మీ యూరికి ఏ దిక్కున నున్నది?" అని యడిగెను. పిల్ల మా మొగము చూచినది. మేము కిటికీలోనుండి బయటికి చూచితిమి. వాయవ్యమని పిదప పటములో చూచి తెలిసికొంటిమి.

విజయవాడలో బండి మాఱి, ఓరుగల్లు, పెద్దపల్లి దాటి ఉత్తరముగా పోవలెను. కాజీపేటనుండి బల్లార్షా పోవు ఈ దారి 1929లో పూర్తియైన తరువాతనే మదరాసునకును ఢిల్లీకిని నడుమ తిన్నని రైలుమార్గ మేర్పడినది. రామగుండము చేరునప్పటికి ఆకాశమున విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కానవచ్చెను. ఈ నేలలోని బొగ్గు అక్కడ కాలి, విద్యుత్తై, కర్ణాటకమునకును, తమిళనాటికిని, కేరళమునకును తీగెలమీద పోవుచున్నది. కేరళములో దీపము వెలిగించు నింటియామె రామగుండము పేరు వినియుండునో లేదో! పిమ్మట బండి గోదావరి వంతెన నెక్కినది. మా యూరియొద్ద ఆవలి గట్టు సరిగా కానరాని మా తల్లి అక్కడ వైశాఖమాసపు టెండలో ఇసుకతిన్నెల నడుమ నన్నని పాయయై కనబడినది. పిల్ల, "అమ్మా, ఇది మన గోదావరియేనా?" యన్నది. చేతులెత్తి నమస్కరించితిమి గాని, పరిచయస్థుల యింటికి పోయి వారిని గుర్తుపట్టలేనివారికి కలుగు సిగ్గు కొంత కలిగినది.

శ్రీరాంపూరు చూడదగిన యూరు కాదన్న యామె మాట సగము నిజమే. దేవాలయపు గోపురములు, కోటలు చూడ వచ్చినవారికి అక్కడ పని లేదు. వరుసలు వరుసలుగా క్వార్టరులు, వేపచెట్లు, లారీల దుమ్ము, దూరమున ఉపరితలగనినుండి త్రవ్వి పోసిన మట్టి గుట్టలు. మేము పోయిన నాళ్లలో వేడిమి 45 డిగ్రీలు దాటుచుండెను. ఉపరితలగనిలో మందుగుండు పేల్చినప్పుడు వంటింటి గిన్నెలు గలగల లాడును. మేము ఉలికిపడుచుండగా మా చెల్లెలు పప్పు త్రిప్పుట మానదు.

అక్కడివారు గనిని గని యనరు, "బాయి" యందురు. అనగా బావి. "బాయికి పోయిండు", "బాయి దిగిండు", "బాయి ఎక్కిండు" అని చెప్పుకొందురు. నీటికై దిగెడి బావికిని, అన్నమునకై దిగెడి బావికిని ఒకటే పేరు. ఆ బావిని ఆడువారు చూడరాదు. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనికి పంపుట నిషేధించినది. మేము వచ్చిన మఱుసటి యేడు, 2019లో, పగటివేళ కొన్ని సాంకేతికపు పనులకును పర్యవేక్షణకును పోవచ్చునని సడలించిరి. కనుక మేము గని వాకిటనే నిలిచి, ఏటవాలుగా నేలలోనికి దిగిపోవు చీకటిత్రోవను, తలదీపములు తగిలించుకొని రెండవ షిఫ్టునకు పోవు మగవారిని చూచి తిరిగి వచ్చితిమి.

ఈ గనుల పేరునందే ఒక భూగోళపాఠ మున్నది. సింగరేణి యన్నది ఇల్లందు దగ్గఱి యొక చిన్న గ్రామము. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతమున బొగ్గు నిక్షేపములను కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యను ఇంగ్లీషు కంపెనీ గనులు త్రవ్వు హక్కు పొందెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. దాని వాటాలు లండను బజారులో అమ్ముడుపోయెడివట. ఆ కాలమున మా తాతలు ఆ గ్రామము పేరెఱుగరు. ఏడు సముద్రముల కావలి వర్తకు లెఱుగుదురు. ఒక దేశపు భూగోళము ఎవరికి కావలసి యుండునో, ఏల కావలసి యుండునో దీనిని బట్టి కొంత తెలియుచున్నది.

వీధి చివర నొక విశ్రాంత మైనింగు సర్దారుగారు కలరు. పిల్లకు పటముల పుస్తకమన్న ప్రీతి యని విని, ఆయన తమ అలమారలోనుండి యొక నల్లని పలకఱాతి ముక్కను తెచ్చి యిచ్చిరి. దానిమీద ఈనెతో సహా చక్కని యాకు ముద్ర! మామిడాకును పోలి, నాలుకవలె కొసదేఱి యున్నది. గ్లాసోప్టెరిస్ అని దాని పేరు. ఆ పేరులోను నాలుక యను గ్రీకు మాటయే యున్నది. ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వపు అడవిలోని యాకు అది. ఆ యడవియే పూడిపోయి బొగ్గయినది.

ఆయన చెప్పిన దానిలో మాకు మిక్కిలి వింతగా తోచినది వేఱొకటి. ఇదే యాకు ఆస్ట్రేలియా బొగ్గులోను, దక్షిణాఫ్రికా బొగ్గులోను, దక్షిణ అమెరికాలోను దొరకును. 1912లో దక్షిణధ్రువమునుండి మరలివచ్చుచు మంచులో ప్రాణములు విడిచిన స్కాటు దొర బృందమువారు కడవఱకు పాఱవేయక మోసికొని వచ్చిన ఱాళ్లలోను ఈ యాకు ముద్ర లుండెను. ఆ దేశములన్నియు, అరబ్బు దేశముతోను మన దక్కనుతోను కలిసి, ఒకప్పుడు ఒకటే భూఖండము. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరేమనుకొన్నారు? గోండ్వానా! మన గోండుల దేశపు పేరు. 1872లో మెడ్లికాటు అనునతడు మధ్యభారతపు శిలలకు ఆ పేరు వాడగా, 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు సూసు ఆ పురాతన ఖండమునకే దానిని పెట్టెను. ఆదిలాబాదు అడవులలో జొన్నగింజలు చల్లుకొను గోండు స్త్రీకి, తన జాతి పేరు దక్షిణధ్రువమున మంచుక్రింద నున్న ఱాతికి కూడ చెల్లుచున్నదని ఎవరైన చెప్పిరో లేదో. మా పిల్ల యాటలో నూటయిరువది రాజధానులున్నవి, గోండ్వానా లేదు.

ఇంటి పనులు చూచుకొను స్త్రీకి దూరదేశముల భూగోళ మెంత కావలెనని మాలో మేము తర్కించుకొనుట ఆ రాత్రి మొదలైనది. మా చిన్ననాడు సైబీరియా నదులు మూడింటిని వల్లింపించిరి: ఓబి, యెనిసే, లీనా. చెప్పలేక యొకసారి బల్లమీద నిలుచుంటిమి గూడ. నలువదియేండ్ల సంసారములో ఆ మూడు నదులలో నొక్కటియు మా వాకిటికి రాలేదు. అట్లని, ఆడదానికి వీధిమలుపుదాక తెలిసిన చాలునను వారి మాటయు మాకు రుచింపదు. 1871లోనే పోతం జానకమ్మగారు సముద్రము దాటి ఇంగ్లండు చూచి వచ్చి, ఆ ముచ్చటలు గ్రంథముగా ప్రకటించిరి. నేడు మా గోదావరి జిల్లాలనుండియు, కడపనుండియు ఇంటిపనులకై కువైటు, మస్కటు పోవువారిలో స్త్రీలే యనేకులు. 1990 ఆగష్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులు జోర్డాను దేశపు అమ్మాను నగరమునకు చేరి అక్కడినుండి విమానములలో ఇల్లు చేరవలసి వచ్చెను. అమ్మాను అను నూరొకటి కలదని అంతకు ముందు వారి తల్లులలో ఎందఱు వినియుందురు?

మా చెల్లెలి తర్కము వేఱు. "2010లో చిలీ దేశములో ముప్పదిముగ్గురు గనిలో చిక్కుకొన్నప్పుడు మా కాలనీ అంతయు టెలివిజను ముందు కూర్చున్నది" అని చెప్పినది. ఆగష్టు 5వ తేదీన దారి మూసికొనిపోయి, అఱువదితొమ్మిది దినములకు, అక్టోబరు 13వ తేదీన, ఒక్కొక్కరినే సన్నని బోను వంటి దానిలో పైకి లాగిరి. చిలీ యెక్కడ నున్నదో ఈ వీధి స్త్రీల కెవరికిని తెలియదట. అయినను ఒక్కొక్కడు పైకి వచ్చినప్పుడెల్ల చప్పట్లు కొట్టి కన్నీరు పెట్టుకొనిరట. పిల్ల వెంటనే, "చిలీ రాజధాని శాంటియాగో" అన్నది. ఆ గని సంగతి దానికి తెలియదు. ఈ యిద్దఱిలో నెవరికి చిలీ తెలిసినట్లు? మేము తేల్చుకొనలేక నిద్రపోతిమి.

తేల్చుకొనవలసిన యవసరము మఱునాడే వచ్చినది.

మా చెల్లెలి ప్రక్క క్వార్టరులో ఏబదియేండ్ల యామె యొకతె కలదు. పెనిమిటి టింబరుమను, అనగా భూగర్భమున కప్పు కూలకుండ ఆధారములు నిలుపువాడు. తండ్రి కొలువు కొడుకునకు వచ్చెడి పద్ధతి నడుమ పెక్కేండ్లు నిలిచిపోయినందున, ఐటీఐ చదివిన కొడుకు ఆశలు వదలుకొని "దుబాయి" పోయినాడు. రెండేండ్లుండి వచ్చి, ఇంటికి రంగులు వేయించి, మరల ఆ ఫిబ్రవరిలో వెడలినాడు. ఆ ప్రాంతమున గల్ఫు పోయిన యింటివారు చాలమంది కలరు. ఏ దేశము పోయినను ఆ తల్లుల నోట దుబాయియే. మేము వచ్చిననాటినుండి ఆమె మాకు సర్వపిండి చేసి పెట్టుచు, కొడుకు ముచ్చటలు చెప్పుచు చనువైనది.

26వ తేదీ శనివారము ప్రొద్దుట ఆమె చేత నొక కాగితము పట్టుకొని వచ్చినది. "అక్కా, మావోడు శుక్రారం శుక్రారం ఫోన్ చేస్తడు. నిన్న చెయ్యలే. మేం చేస్తె కలుస్తలేదు. గీ కాయితంల వాళ్ల కంపెనీ నంబరేమన్న ఉన్నదో చూడుండ్రి" అన్నది. అది వీసా కాగితపు నకలు. పిల్ల చదివి, "ఇది దుబాయి కాదమ్మా. సలాలా, ఒమాన్ అని యున్నది" అన్నది.

సలాలా! మా గుండె ఝల్లుమన్నది. అరగంట క్రిందటనే వార్తలలో ఆ పేరు వింటిమి. మెకును అను తుఫాను ముందటి రాత్రి ఒమాను దేశమున సలాలా యొద్దనే తీరము దాటినది. మెకును అన్నది మాల్దీవులవారు పెట్టిన యొక చేప పేరట. ఆ చేప యా యూరిమీద కొన్నియేండ్ల వానను రెండు మూడు దినములలో క్రుమ్మరించినది. రేవు, విమానాశ్రయము మూసివేసిరి; వాగులు వీధులపై పాఱెను; ప్రాణనష్టమును కలిగెను. మేము సముద్రతీరపు జిల్లావారము. గాలివాన యనగా నేమో మాకు తెలియును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన యుప్పెన కథలు వినుచు పెరిగితిమి. ఎదుట నిలుచున్న యామెకు గాలివాన తెలియదు. "అరబ్బు దేశాల తుఫానట" అని తానును వినియే యున్నది. కొడుకు దుబాయిలో నున్నాడు గనుక నిశ్చింతగా నున్నది.

పిల్ల నోరు తెఱవబోవుచుండగా దాని చేయి నొక్కితిమి. "ఫోను తీగెలు చెడినవేమో, రేపు చేయునులే" అని చెప్పి పంపివేసితిమి. ఏమియు తెలియని తల్లిని ఒక్క పగలైన సుఖముగా నుండనిత్తమని మాకు మేము చెప్పుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, ఆమె మొగము చూచుచు చెప్పు ధైర్యము మాకు లేకపోయినది. మధ్యాహ్నమెల్ల ఆమె మా గోడ కావల పాట పాడుకొనుచు వడియములు ఎండబెట్టుచుండెను. ఆ పాట వినుచు మేము తినలేకపోతిమి, పడుకొనలేకపోతిమి. మా చెల్లెలు ఒక్కటే మాట యన్నది: "అక్కా, ఇక్కడ ఇట్లు దాచరు."

సాయంకాలము పోయి చెప్పితిమి. ఆమె అఱవలేదు, ఏడ్వలేదు. వడియముల చాప మడిచి ప్రక్కన పెట్టి మా వైపు తిరిగినది.

"అక్కా, మా ఆయన ముప్పై ఏండ్ల సంది బాయి దిగుతుండు. ఏ బాయిల ఉన్నడో, ఎన్నో సీముల ఉన్నడో, ఏ షిఫ్టుల ఉన్నడో నాకు ఎర్కే. ఏమన్నయితే ఏ గేటు కాడికి ఉరకాలెనో ఎర్కే. కొడుకు ఏ దేశంల ఉన్నడో మాత్రం ఎర్కలే. అది నా తప్పు. మీకు ఎర్కయి కూడ పొద్దుగాల చెప్పకపోతిరి. బాయి మీద ఏమన్నయితే ముందుగాల్ల ఇంటి ఆడిదానికి చెప్తరక్కా."

పిమ్మట మా చెల్లెలివలన వింటిమి. 2003 జూను 16వ తేదీన నదికి ఆవల గోదావరిఖనిలోని 7 ఎల్‌.ఇ.పి. గనిలోనికి నీరు విఱుచుకొనిపడి పదునేడుగురు కార్మికులు మరణించిరి. ఆ దినములలో ఈమె తన దూరపు చుట్టమునకు తోడుగా పోయి గని వాకిట కూర్చున్నదట. ఎక్కడ కూర్చుండవలెనో, ఎవరి నడుగవలెనో, ఏ వార్త నమ్మవలెనో, దేనిని నమ్మరాదో యామెకు తెలియును. అటువంటి యామెను మేము పసిపిల్లను బుజ్జగించినట్లు బుజ్జగించితిమి. ఆ సిగ్గు గోదావరి వంతెనమీద కలిగిన సిగ్గువలె తేలికయైనది కాదు.

ఆ రాత్రి వారి యింట పొయ్యి వెలుగలేదు. పెనిమిటి రెండవ షిఫ్టు దిగి వచ్చి గోడకు చేరగిలబడినాడు. మా పిల్ల పటముల పుస్తకము తెచ్చి నేలమీద పఱచినది. "దుబాయి గిదేనా? సలాలా గదా?" అని ఆమె వ్రేలితో కొలిచినది. బెత్తెడు లేదు. "గింతే దూరమా? అయితే దుబాయిల ఉన్న మా మరిదికి చెప్తె పోయి చూసివస్తడు గదా" అన్నది. పిల్ల కొలబద్ద పెట్టి లెక్కించి, తొమ్మిదివందల కిలోమీటర్లకు పైగా నున్నదనియు, అది వేఱొక రాజ్యమనియు, వీసా లేక పోరాదనియు చెప్పినది. మఱి అడుగవలసినది ఎవరిని? ఒమాను రాజధాని మస్కటు. ఇది పిల్లకు కంఠస్థమే. రాజధాని యనగా అక్కడ మన దేశపు రాయబార కార్యాలయ ముండుననియు, ఆ యూరి పేరు నేర్చుకొనుట దానికై పనికివచ్చుననియు దానికి ఆ రాత్రి తెలిసినది. మాకును అప్పుడే తెలిసినదన్న నవ్వకుడు. ఫోనులో వెదకి ఆ కార్యాలయపు సంఖ్య పట్టుకొంటిమి. వారు అడిగినవి: పాస్‌పోర్టు సంఖ్య, కంపెనీ పేరు, కంపెనీ యున్న చోటు. మూడును ఆ కాగితముమీదనే యున్నవి. ఆ కాగితము మూడు నెలలుగా బియ్యపు డబ్బా క్రింద నుండెను.

ఇంకొకటి. ఆమె రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసినప్పుడెల్ల కొడుకు విసుగుకొనెడివాడట, పనిలో నున్నాననెడివాడట. ఒమానులో గడియారము మనకంటె గంటన్నర వెనుక నుండును. మనకు తొమ్మిదైనప్పుడు వానికి ఏడున్నర. వానికి ఎనిమిదింటిదాక పని. "గంటన్నర ఆగి చేసుంటె మంచిగ మాట్లాడుతుండె" అని ఆమె అప్పుడు కంట నీరు పెట్టుకొన్నది. తుఫాను వార్తకు రాని కన్నీరు దానికి వచ్చినది.

ఆదివారము గడిచినది. సోమవారము మధ్యాహ్నము రెండు గంటలకు ఫోను మ్రోగినది. తోడి పనివాని ఫోనునుండి కొడుకు మాటాడినాడు. కంపెనీవారు వారందఱిని ముందుగానే యొక బడిలోనికి చేర్చిరట. వాని ఫోను నీళ్లలో పోయినదట. తల్లి మొదట అడిగినది, "తిన్నవా?" అని, రెండవది, "సలాలల ఏ దిక్కుకున్నవురా, దరియ కాడనా, గుట్టల కాడనా?" అని. అవతల వాడు కొంతసేపు ఏమియు పలుకలేదట. తనను ఇంతవఱకు ఇంట నెవరును ఆ మాట యడుగలేదు మఱి.

ఆ సాయంకాలము మరల పటము ముందు కూర్చుంటిమి. ఆమె శ్రీరాంపూరు చూపుమన్నది. ఆ పటములో శ్రీరాంపూరు లేదు. మంచిర్యాల చిన్న చుక్కగా నున్నది. పిల్ల పెన్సిలుతో దాని ప్రక్కన మఱియొక చుక్క పెట్టినది. పిదప మా రాజమహేంద్రవరము చూపుచు, పడమటి వైపుగా సముద్రముమీద వ్రేలు జరుపుకొనుచు పోయి, "అమ్మా!" అని కేక పెట్టినది. రాజమహేంద్రవరమును సలాలాయు రెండును పదునేడవ అక్షాంశముమీదనే యున్నవి. గీత దేశము దాటి, అరేబియా సముద్రము దాటి, తిన్నగా ఆ కుఱ్ఱవాని యూరికి పోయినది. ఆమె వంగి చూచి, "అయితె మీ ఊరికి, మావోనికి ఒకటే గీత" అని నవ్వినది. మూడు దినములలో ఆమె నవ్వుట అదియే మొదలు.

మఱునాడు బయలుదేఱితిమి. పిల్ల తనంతట తానే పటముల పుస్తకము ఆమె యింట విడిచినది. ఱాతి ముక్క మాత్రము తెచ్చుకొన్నది. తిరుగు ప్రయాణమున వంతెన వచ్చినప్పుడు నిదురలో నున్న పిల్లను లేపి, ఇసుకలోని సన్నపాయను మరల చూపితిమి. ఇక్కడినుండి కాళేశ్వరము, అక్కడ ప్రాణహిత కలియును. ఆ క్రింద ఇంద్రావతి. పిదప భద్రాచలము, పాపికొండలు, మన యిల్లు అని అది వ్రేళ్లమీద లెక్కపెట్టుకొన్నది.

ఆగష్టులో ఒకనాడు ఆమెయే ఫోను చేసినది. నైరుతి ఋతుపవనము మన గోదావరిని నింపెడి నెలలలోనే సలాలా వెనుకటి కొండలకు పొగమంచును, తుంపరలును తెచ్చును. అరబ్బు దేశములనుండి జనులు ఆ పచ్చదనము చూడ వత్తురు. ఆ సంగతి కొడుకు చెప్పగా ఆమె మాకు చెప్పినది. "గుట్టలన్ని పచ్చగైనయట అక్కా, అచ్చం మన తీర్గనే. ఈడ కూడ గోదారి నిండుగొచ్చింది. దరి కాడికి పోయి చూసొచ్చిన. గీ నీళ్లు మీ ఊరికి ఎన్ని దినాలకొస్తయి?"

మాకు తెలియలేదు. పిల్లకును తెలియలేదు. కనుగొని చెప్పెదమని ఫోను పెట్టివేసి, గోడమీది క్యాలెండరులో ఆనాటి తేదీ చుట్టు గీత గీసి, సాయంకాలము రేవునకు పోయి నీటి రంగు చూచి వచ్చితిమి.